తొమ్మిదో ఎర్ర చుక్క

లిఫ్టు మూడో అంతస్తు దాటేటప్పుడల్లా కీచుమంటోంది. లిఫ్టు జారే పట్టా పక్కన నూనె ఎండిపోయి ఉంటుంది, రెండు చుక్కలు వేస్తే నోరు మూస్తుంది, కానీ ఇది తను చూసే లిఫ్టు కాదు, ఇక్కడ తను మెకానిక్కు కాదు, పేషెంటు తాలూకు మనిషి. ఇరవై రెండేళ్ళుగా లిఫ్టులు బాగుచేస్తున్న చెవి మాత్రం ఊరుకోవడం లేదు. కీచుమన్న ప్రతిసారీ చెయ్యి దానంతటదే స్పానరు కోసం జేబులోకి పోతోంది, ఫోను తగులుతోంది, చురుక్కుమన్నట్టు వెనక్కి వచ్చేస్తోంది. పదీ ఇరవై. భార్యను లోపలికి తీసుకెళ్ళి పది నిమిషాలయింది. సూదితో చిన్న ముక్క తీస్తారట, ముప్పావుగంట పడుతుందట, భయపడాల్సిందేమీ లేదట. భయపడాల్సిందేమీ లేదన్న మాట ఈ హాల్లో ఎవరు ఎవరితో అన్నా విన్నవాళ్ళ మొహం మరికాస్త చిన్నదవుతోంది. నాలుగేసి కుర్చీలు ఒకే ఇనుప కమ్మీకి బిగించారు. పక్కన బావమరిది కాలు ఊపుతుంటే తన కుర్చీ కూడా ఊగుతోంది. వెనకాల గోడ మీద ఒక బొమ్మ ఉంది, చెయ్యి పైకెత్తిన ఆడమనిషి, తనను తాను ఎలా తడిమి చూసుకోవాలో బాణం గుర్తులు. వచ్చినవాళ్ళందరూ దాన్ని బస్సుల టైముల పట్టిక చూసినట్టు చూసి ఊరుకుంటున్నారు. తనొక్కడే దానికి వీపు పెట్టే కుర్చీ వెతుక్కున్నాడు. పదకొండుకు కార్డు వస్తుంది.

కార్డు అన్నది బావమరిది పెట్టిన పేరు. పిల్లల్ని బళ్ళో దింపే బస్సు నడుపుతాడు కాబట్టి అతనికి అన్నీ బడి మాటలే. ప్రతి శనివారం పదకొండు గంటలకు, తన ఫోను ఆ వారమంతా ఏమేం చూసిందో ఒక జాబితా అయి బావమరిది ఫోనుకు వెళుతుంది; మామూలు వాటికి పచ్చ చుక్క, చూడకూడని వాటికి ఎర్ర చుక్క. 'ఈ వారం కూడా ఫస్టు క్లాసే బావా' అని ఫోను చేస్తాడు, లేకపోతే 'ఏంటి బావా, బుధవారం సిగ్నలు దాటేశావు' అంటాడు, అంతకు మించి ఒక్క మాట ఎక్కువ అనడు. పద్నాలుగు వారాలుగా అన్నీ పచ్చవే. ఈ వారం తొమ్మిది ఎర్రవి. ఇంకా నలభై నిమిషాలకు ఆ తొమ్మిదీ పక్క కుర్చీలో మనిషి జేబులో టింగుమంటాయి, ఆపడానికి లేదు, ఆపడానికి లేకుండా ఉండాలనే కదా పెట్టుకున్నది.

పెట్టుకున్నది ఎనిమిది నెలల కింద. భార్య ఫోను చార్జింగులో ఉందని పొద్దున్నే లేవడానికి అలారం పెట్టుకుందామని తన ఫోను తీసుకుంది, ఆ బొమ్మలు కనపడ్డాయి, అంతే. అరవలేదు. విసిరికొట్టలేదు. ఫోను టీవీ పక్కన బోర్లా పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, 'ఎన్నాళ్ళ నుంచి?' అంది. 'ఈ మధ్యే' అన్నాడు. పంతొమ్మిదేళ్ళు. పెళ్ళయిన రెండో ఏడు నుంచీ. కొత్తలో కంపెనీ కంప్యూటరు, తర్వాత ఫోను, పెద్ద పెద్ద భవనాల నెత్తిన మెషీన్ రూములు, ఒంటరిగా ఉండడానికి జీతం ఇచ్చే ఉద్యోగం తనది. తాగినవాణ్ణయితే పట్టుకోవచ్చు, వాసన వస్తుంది, తూలతాడు. దీనికి వాసన లేదు. ఇంటికి వచ్చి కూరగాయల సంచీ దింపి, కూతురి లెక్కలు చూసి, భార్య నడుం నొప్పంటే మందు రాసి, మంచి మొగుడని చుట్టుపక్కల పేరు తెచ్చుకుని, మళ్ళీ మర్నాడు. 'ఈ మధ్యే' అన్నప్పుడు ఆమె నమ్మిందో లేదో మొహం చూస్తే తెలియలేదు. మూడు రోజులు గడిచాక, బట్టలు మడతపెడుతూ, తనవైపు చూడకుండా, 'దానికేదో తాళం వేసే ఏర్పాట్లు ఉంటాయట. వేయించుకోండి. తాళంచెవి మా తమ్ముడి దగ్గర పెట్టండి. నేను మీకు కాపలా కూర్చోలేను' అంది. ఇరవయ్యేళ్ళు నువ్వు అన్న మనిషి ఆ రోజు మీరు అంది. తిట్టి ఉంటే బాగుండేది.

బావమరిదికి చెప్పిన రోజు గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. బస్సు కడుగుతున్నాడు. పైపు చేతిలో పట్టుకుని, నీళ్ళు పారుతుంటే పారనిచ్చి, అంతా విని, 'ఓస్, ఇంతేనా, అప్పులేమో అనుకుని చచ్చాను' అన్నాడు, కానీ మొహం ఎర్రబడింది, అక్క గుర్తొచ్చి ఉంటుంది. ఇద్దరూ ఖాళీ బస్సులో చిన్నపిల్లల సీట్లలో ఇరుక్కుని కూర్చుని ఆ ఏర్పాటును ఫోనులోకి ఎక్కించుకున్నారు. 'జవాబుదారీ భాగస్వామి పేరు ఇవ్వండి' అని అడిగింది అది. 'ఇదేంటి బావా, మనిద్దరం ఏదో షాపు పెడుతున్నట్టు?' అని నవ్వాడు బావమరిది. 'సరే, జవాబు నువ్వు చెప్పు, దారి నేను చూపిస్తా.' తర్వాత పాస్‌వర్డు పెట్టేటప్పుడు, 'అటు తిరుగు బావా, కళ్ళు మూసుకో, దాగుడుమూతలాడినట్టు' అన్నాడు. నలభై నాలుగేళ్ళ మనిషి బస్సు కిటికీకి నుదురు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. వెనకాల ఒక్కొక్క అక్షరం టక్కు టక్కుమంటూ పడుతుంటే, సిగ్గు ఒంట్లో ఎక్కడ ఉంటుందో ఆ రోజు తెలిసింది, మెడ వెనకాల.

మెడ వెనకాలే, ఇప్పుడు ఆ గోడ బొమ్మ ఉన్న చోటే.

నిజానికి వారాలు గడిచినకొద్దీ తేలికయింది. అబద్ధాలాడే పని లేకపోవడం ఒక సెలవులా ఉండేది. రెండుసార్లు సిగ్నలు దాటాడు, రెండుసార్లూ శనివారం దాకా ఆగకుండా తనే ఫోను చేసి చెప్పాడు. ఆ పద్నాలుగు పచ్చ వారాలూ దొంగవి కావు, అది మాత్రం ఎవరి ముందైనా చెప్పగలడు. పన్నెండో వారమో ఏమో, వానలో గొడుగు ఎక్కడో మరిచిపోయి తడిసి ముద్దయి ఇంటికొస్తే, ఆమె తలుపు తీసి, 'నువ్వో, నీ మతిమరుపో' అంది. మళ్ళీ నువ్వు అన్నానని ఆమె గమనించలేదు. తను తల తుడుచుకుంటూ తువ్వాల్లో మొహం దాచుకుని చాలాసేపు ఉండిపోయాడు.

ఆదివారం సాయంత్రం చెప్పింది. ఉల్లిపాయలు తరుగుతోంది, కత్తి ఆపలేదు. 'ఇక్కడేదో గడ్డలా తగులుతోంది. పన్నెండు రోజులయింది చూసుకుని' అంది. ఇక్కడ అని భుజం కొద్దిగా కదిపింది, అంతే, చేత్తో చూపించలేదు. చూడనా అని అడగడానికి నోరు రాలేదు. ఏ మొహం పెట్టుకుని చూస్తాడు. ఎనిమిది నెలలుగా ఆమె అటు తిరిగి పడుకుంటే తను ఇటు తిరిగి పడుకుంటున్నాడు, అది ఆమె వేసిన శిక్ష కూడా కాదు, తనే వేసుకున్నది. 'డాక్టరు దగ్గరకి వెళదాం' అన్నాడు. 'చూద్దాం. పిల్లకి చెప్పకు, పరీక్షలున్నాయి. తమ్ముడికీ చెప్పకు. ఎవరికీ చెప్పకు' అంది. ఉల్లిపాయలు కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి ఇద్దరికీ వీలయింది.

సోమవారం పొద్దున పని మధ్యలో ఒక మెట్ల మీద కూర్చుని వెతకడం మొదలుపెట్టాడు. ఛాతీలో గడ్డ అని కొడితే ఊపిరితిత్తుల గురించి వచ్చింది. ఎదలో గడ్డ అని కొట్టాడు. విరహం పాటలు వచ్చాయి. నవ్వొచ్చింది, నవ్వినందుకు భయమేసింది. చివరికి ఆ మాటే కొట్టాల్సి వచ్చింది. మొదటి అక్షరం కొట్టాడో లేదో, మిగతా మాట ఫోను తనంతట తనే పూర్తి చేసి పెట్టింది. ఎనిమిది నెలలయినా మరిచిపోలేదు, పాత స్నేహితుడు అడగకుండానే గ్లాసు ముందు పెట్టినట్టు. రొమ్ము. రెండే అక్షరాలు. కూతురు పుట్టినప్పుడు ఆ మాట ఇంట్లో రోజుకు పదిసార్లు వినపడేది, పిల్ల రొమ్ము పడుతోందా, రొమ్ము వదలడం లేదా అని అత్తగారు వంటింట్లోంచి కేకేసేది, అందులో ఏ మరకా లేదు. తనే ఏళ్ళ తరబడి చీకటి గదుల్లో దాన్ని నలిపి నలిపి పెట్టాడు. ఇప్పుడు భార్య ప్రాణం కోసం ఆ మాట కావలసి వచ్చి, శుభ్రంగా ఉన్నది ఒకటి దొరుకుతుందా అని వెతుక్కుంటే, ఎక్కడా లేదు. డాక్టరు మొన్న బుధవారం దాన్ని ఎంత మామూలుగా అన్నదో. ఎడమ రొమ్ము, పైభాగం, గోలీకాయంత. అప్పుడు తను బల్ల మీది పేపరువెయిటు వైపు చూశాడు. భార్య తనను చూసింది.

వెతికిన పేజీ తెరుచుకోలేదు. ఒక పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద, 'మీరు బలమైన వ్యక్తి. ఈ పేజీ మీ కోసం కాదు. లోతైన శ్వాస తీసుకోండి.' ఈ పేజీ నా కోసమే, నా పెళ్ళాం కోసమే అని మెట్ల మీద పైకే అనేశాడు, కింద కాపలాదారు తలెత్తి చూశాడు. 'భాగస్వామిని అనుమతి అడగండి' అని ఒక మీట ఉంది. అడిగితే ఎందుకో చెప్పాలి, ఎవరికీ చెప్పొద్దంది ఆమె. కొన్ని పేజీలు ఆకు అడ్డం పడి ఆగిపోయాయి, కొన్ని తెరుచుకున్నాయి, తెరుచుకున్నా ఆగిపోయినా ఎర్ర చుక్క పడుతూనే ఉంది. రోగానికీ రోతకూ దానికి తేడా తెలియదు. పడనీ అనుకున్నాడు. సోమవారం మూడు, మంగళవారం నాలుగు, బుధవారం డాక్టరు దగ్గర నుంచి వచ్చాక ఒకటి. ఆ ఎనిమిదింటికీ ఒక్క క్షణం సిగ్గుపడలేదు. చదివి చదివి, అందులో నూటికి ఎనభై మామూలు గడ్డలే అన్న వాక్యం చేతిమీద రాసుకుని మరీ ఆమెను డాక్టరు దగ్గరకు బయల్దేరదీశాడు.

గురువారం. మధ్యాహ్నం రెండూ నలభై. తొమ్మిదంతస్తుల నెత్తిన మెషీన్ రూము, బ్రేకు విప్పి పెట్టుకుని, కొత్త లైనర్లు తెచ్చే మనిషి కోసం కూర్చున్నాడు. మోటారు ఆగి ఉన్నప్పుడు ఆ గదిలో నిశ్శబ్దం చెవుల్లో పోటెత్తుతుంది. మళ్ళీ చూద్దామని ఫోను తీశాడు, ముక్క తీసే చోట మచ్చ పడుతుందా అని, అంతే, ప్రమాణం చేసి చెప్పగలడు, అంతే అనుకున్నాడు. బొమ్మలు వచ్చాయి. ఇదిగో వెనక గోడ మీదున్నదే, చెయ్యి పైకెత్తిన ఆడమనిషి, బాణం గుర్తులు. కింద, 'ఇలాంటివి మరికొన్ని' అని ఉంది. వేలు దాని మీదకు వెళ్ళింది. వెళ్ళిందా, తను పంపాడా? పంపాడు. బాణం గుర్తులు లేని బొమ్మ వచ్చింది, దాని కింద మళ్ళీ ఇలాంటివి మరికొన్ని, ఆకు ఎక్కడా అడ్డం పడలేదు, డాక్టర్ల గుమ్మంలోంచి లోపలికి వచ్చినవాణ్ణి ఎవరు ఆపుతారు. పదకొండు నిమిషాలు. భార్య ఒంట్లో గడ్డ ఉందని తెలిసి, అది ఏమిటో ఇంకా తెలియక, ఆ గడ్డ కోసం తెరిచిన పేజీ మీద నుంచే. భయంలో అలా జరుగుతుంది అని ఎవరైనా అనవచ్చు. తనకు భయం వేసింది నిజమే. కానీ ఆ పదకొండు నిమిషాలూ భయం లేదు, అది తనకు తెలుసు, ఆమె కూడా లేదు. తర్వాత గ్రీజు వదిలే సబ్బుతో చేతులు కడిగి, మళ్ళీ కడిగి, లైనర్లు వచ్చాక బ్రేకు బిగించి, ఖాళీ లిఫ్టును మూడుసార్లు పైకీ కిందికీ నడిపి చూశాడు. శుక్రవారం అంతా బావమరిదికి ఫోను చెయ్యాలని అనుకుంటూనే ఉన్నాడు. చెయ్యలేదు. రాత్రి ఆమే తమ్ముడికి చెప్పింది, రేపు నువ్వు కూడా రారా అంది.

"బావా, కాఫీ తాగుతావా? ఆ మిషను కాఫీ గోడలకి వేసే రంగులా ఉంది గానీ వేడిగా ఉంది."

"వద్దురా."

"పొద్దున్నుంచి ఏం తినలేదు నువ్వు. అక్క బయటికొచ్చేసరికి నువ్వు పడిపోతే నేనెవర్ని మొయ్యను? ఇద్దరూ ఇద్దరే బరువు."

నవ్వాడు. నవ్వగలిగినందుకు తన మీద తనకే అసహ్యమేసింది. చెప్పేస్తే పోతుంది, కార్డు రాకముందే, నోరు తెరిచి, ఒరేయ్ అని. పదకొండుకు ఇంకా తొమ్మిది నిమిషాలుంది. ఎనిమిది. లిఫ్టు కీచుమంది. చక్రాల కుర్చీలో ఒక పెద్దావిడను తోసుకుపోయారు, ఆమె చేతిసంచీని రెండు చేతులతో పొట్టకు హత్తుకుని ఉంది. చెబితే ఎవరికి మేలు, ఇవాళ, ఇక్కడ, వాడి అక్క సూది కింద పడుకుని ఉండగా? చెప్పకపోతే ఎవరికి మేలు అన్నది కూడా తెలుసు. జాబితాలో వివరాలు ఉండవు, చుక్కా, టైమూ, వెతికిన మాటా మాత్రమే ఉంటాయి. తొమ్మిదింటిలోనూ గడ్డ గురించిన మాటే. తొమ్మిదో చుక్క మిగతా ఎనిమిదిలాగే ఉంటుంది, అదే గుండ్రం, అదే ఎరుపు, తను చెప్పకపోతే ఈ ప్రపంచంలో దాన్ని వేరుచేసి చూపగలిగినవాడు లేడు.

టింగుమంది.

బావమరిది అలవాటుగా జేబులోంచి తీశాడు. కాలు ఊపడం ఆగింది, కుర్చీలన్నీ ఆగాయి. కిందికి జరుపుతున్నాడు, పైకి జరుపుతున్నాడు. తను నేల మీది పలకలు లెక్కపెట్టాడు. ఓరకంట చూస్తే బావమరిది మొహంలో మొదట వచ్చింది అసహ్యమే, ఒక్క క్షణం, దవడ బిగిసింది. అంతలో ఏదో తట్టినట్టు మళ్ళీ మొదటి నుంచి చదివాడు, పెదాలు కదిపి, వెతికిన మాటలు ఒక్కొక్కటే. తలెత్తేసరికి కళ్ళనిండా నీళ్ళు.

"బావా... ఇవన్నీ అక్క కోసమా?"

తను పలకలు లెక్కపెడుతూనే ఉన్నాడు.

"దీని మొహం మండ, రోగానికి చదువుకునేవాడికి కూడా ఎర్రచుక్కలేనా! నేను చూడు, వెధవని, ఒక్క క్షణం నిన్ను... సోమవారం నుంచీ ఒక్కడివే చదువుకున్నావా ఇదంతా? నాకు చెబితే ఆ తాళం తీసి పారేద్దును గదా." భుజం మీద చెయ్యి వేసి ఊపేశాడు. "అక్కకి చెబుతానుండు. బయటికి రాగానే చెబుతా. పాపం నిన్ను ఎంత దూరం పెట్టిందో. మా ఆయన నాకోసం ఇంత చదివాడా అని ఏడుస్తుంది చూడు."

అదీ దారి. నడవక్కర్లేదు కూడా, ఊరికే నిలబడితే చాలు, ఈ భుజం మీది చెయ్యే తనను ఆ గుమ్మం దాటిస్తుంది, అవతల ఆమె ఉంటుంది, ఏడుస్తుంది, ఇటు తిరిగి పడుకుంటుంది. ఎనిమిది నెలలు కాదు, పంతొమ్మిదేళ్ళూ మాఫీ అవుతాయి. ఆమె రోగం తన ఎర్ర చుక్కను కడిగి పెడుతుంది. ఆ తర్వాత ఆమె తన వైపు ప్రేమగా చూసిన ప్రతిసారీ అది దొంగిలించిన చూపే అవుతుంది. ఈ మధ్యే అన్నప్పుడు నోట్లో ఎలా ఉండిందో అలాగే ఉంది ఇప్పుడు, నాలుక మందంగా, మెత్తగా, ఏం చెప్పమంటే అది చెప్పడానికి సిద్ధంగా.

"ఎనిమిదే," అన్నాడు.

"ఏంటి?"

"ఎనిమిదే మీ అక్క కోసం. గురువారం రెండూ నలభైకి ఉన్నది చూడు. అది... మొదలు ఆమె కోసమే. తర్వాత కాదు. పదకొండు నిమిషాలు."

భుజం మీది చెయ్యి వెంటనే తీసెయ్యలేదు. దాని బరువు మారింది. బావమరిది ఫోను వైపు చూశాడు, గురువారం కనిపెట్టి ఉంటాడు.

"అక్కకి బాలేదని చదువుతూ చదువుతూనా బావా?"

"ఊ."

"ఆ బొమ్మల మీద నుంచా?"

"ఊ."

"చెప్పకపోతే నాకు తెలిసేది కాదుగా."

"తెలిసేది కాదు."

బావమరిది లేచి నీళ్ళ డబ్బా దాకా వెళ్ళాడు, గ్లాసు నింపుకుని తాగకుండా పట్టుకుని నిలబడ్డాడు, తాగాడు, తిరిగొచ్చాడు. మధ్యలో ఒక కుర్చీ వదిలి కూర్చున్నాడు. గోడతో చెబుతున్నట్టు, "నిన్ను కొట్టాలనుంది బావా. కానీ నాలుగు రోజులు ఆగి చెప్పినా నీ నోటితోనే చెప్పావు. నేనేం చెయ్యాలో నాకే తెలీట్లేదు. అక్కకి మాత్రం నేను చెప్పలేను, అది నాకు చేతకాదు" అన్నాడు.

"రెండు రోజులు," అన్నాడు తను. తప్పు లెక్క కూడా ఇప్పుడు ఓర్చుకోలేకపోతున్నాడు.

తలుపు తెరుచుకుంది. "పదిహేడో నంబరు తాలూకు ఎవరండీ?" అంది నర్సు. ఇద్దరూ లేచారు. బావమరిది తనవైపు చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

లోపల చల్లగా ఉంది. నర్సు ఒక్కతే, అవతల గదిలో ఇంకెవరో పిలుస్తున్నారు ఆమెను. "ముక్క తీశామండీ, బాగానే ఉంది. రక్తం ఆగేదాకా ఇక్కడ పది నిమిషాలు నొక్కి పట్టాలి, ఆవిడకి తనంతట తను పట్టుకోవడానికి అందదు. మీరు పట్టుకుంటారా? ఇలా, అరచెయ్యి పెట్టి. మధ్యలో తీసి చూడకండి." ఆకుపచ్చ గుడ్డ కింద దూది గుట్ట మీద తన చేతిని పట్టుకుని పెట్టి, హడావిడిగా వెళ్ళిపోయింది.

ఆమె పైకప్పు వైపు చూస్తోంది. మొహం పాలిపోయి ఉంది, జుట్టు నుదుటికి అంటుకుంది. దూది కింద ఆమె గుండె కొట్టుకోవడం అరచేతికి తెలుస్తోంది, తొందర తొందరగా, దారి తప్పినట్టు. తన గోళ్ళ సందుల్లో పోని గ్రీజు నల్లగా కనిపిస్తోంది. గోడ గడియారంలో పదకొండూ ఇరవై.

"ఫలితం బుధవారం అంట," అంది.

"ఊ."

పైకప్పు మీంచి చూపు తిప్పలేదామె. "ఇవాళ శనివారం. తమ్ముడికి కార్డు వచ్చిందా?"

"వచ్చింది."

"ఏముంది?"

రేపు చెబుతానంటే ఆమె సరేనంటుంది. బుధవారం తర్వాత చెబుతానన్నా సరేనంటుంది, అంత అలసిపోయి ఉంది. ఆమె అడిగింది, తను ఆమె పక్కన ఉన్నాడు, ఇంతకంటే మంచి సమయమూ లేదు, ఇంతకంటే చెడ్డ సమయమూ లేదు.

"తొమ్మిది ఎర్రవి. ఎనిమిది నీ రొమ్ములో గడ్డ గురించి చదివినవి," అన్నాడు. ఆ మాట నోటితో పైకి అన్నాడు. "ఒకటి నాది. గురువారం. దాని గురించి చదువుతూనే అటు వెళ్ళాను. ఇంకోటి. అప్పుడు ఈ మధ్యే అన్నాను నీతో. ఈ మధ్యే కాదు. పంతొమ్మిదేళ్ళు."

ఆమె కళ్ళు మూసుకుంది. కంటి చివర నుంచి ఒక నీటి చుక్క జారి చెవిలోకి పోయింది, తుడుచుకోవడానికి ఆమె చెయ్యి లేవలేదు, తుడవడానికి తన చెయ్యి ఖాళీ లేదు. బయట లిఫ్టు ఆగిన చప్పుడు, ఎవరివో అడుగులు, తగ్గిపోయాయి. ఆమె చెయ్యి తీసెయ్యమంటుందని ఎదురుచూశాడు. తియ్యమంటే నర్సును పిలవాలి, నర్సు వచ్చేదాకా పట్టుకోవాలి, ఏమైనా పట్టుకునే ఉండాలి. నొప్పెడుతోందేమోనని భయపడి పట్టు సడలించాడు.

"రక్తం వస్తోంది," అంది ఆమె, కళ్ళు తెరవకుండానే. "గట్టిగా నొక్కు."